చదువుకొన్న బిడ్డలు – స్వంత పరిశ్రమలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. వానలు పడని యేండ్లు గడచినవి. చందాలు వసూలు కాని నెలలు గడచినవి. పుస్తకములకు చెదలు పట్టిన దినములును గడచియుండును. అయినను సాయంకాలము కాగానే తాళము తీయువారొకరు, బల్లలు తుడుచువారొకరు, పత్రికలు సర్దువారొకరు ఈ గ్రామమున ఎల్లప్పుడును ఉండిరి. పేరు చెప్పుకొనని ఆ సేవకులకు ముందుగా నా వందనములు.

కార్యవర్గమువారు కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను చదువుకొను యువకులు స్వంత పరిశ్రమలు స్థాపించు విషయమును గుఱించి మాటలాడుమని నన్ను కోరిరి. నేను వాణిజ్యశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొన్న ఉపన్యాసకుడను. స్వయముగా ఏ పరిశ్రమను నడపినవాడను కాను. కావున పారిశ్రామికునివలె గాక, అనేక సంవత్సరములు విద్యార్థుల ముఖములు చూచినవానివలె నాలుగు మాటలు మనవి చేసికొందును.

నిన్న సాయంకాలమే నేను ఈ యూరు చేరితిని. మన పఠనమందిరములో ఒక గంటసేపు కూర్చుంటిని. అచ్చట ఏడుగురు యువకులు, ముగ్గురు యువతులు తల లెత్తక చదువుచుండిరి. చూచి సంతోషించితిని. దగ్గఱకు పోయి చూడగా అందఱి చేతులలోను పోటీ పరీక్షల పుస్తకములే. ఒక అబ్బాయిని "నాయనా, పట్టము ఎప్పుడు పూర్తియైనది?" అని అడిగితిని. "నాలుగేండ్లయింది సార్" అనెను. ఆ నాలుగేండ్ల మాట రాత్రి నాకు నిద్ర పట్టనీయలేదు.

నేను ఉద్యోగమును నిందించువాడను కాను. ఉద్యోగము చేసియే నా సంసారము గడచినది. ప్రభుత్వమునకు మంచి ఉద్యోగులు కావలెను. పేదయింటి బిడ్డకు జీతము గౌరవమైన మెట్టు. కాని ఉన్న పదవులు కొన్ని, వాటి కొఱకు కూర్చున్నవారు వేలకు వేలు. పరీక్ష ఎంత న్యాయముగా జరిగినను, పదవులు నిండిన తరువాత మిగిలిన వారందఱును ఇంటికి రావలసినదే. వారు తెలివితక్కువవారు కారు. వారికి రెండవ దారి ఎవరును చూపలేదు. ఆ రెండవ దారిని గుఱించియే నేడు నా ప్రసంగము.

మన నల్లగొండ, పాలమూరు సీమలకు ఈ దారి క్రొత్తది కాదు. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. పాలమూరు జిల్లాకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివి పట్టము పొందియు, 1926లో హైదరాబాదునుండి గోలకొండ పత్రికను ఆరంభించిరి. ఆ కాలమున తెలుగు పత్రిక నడపుట యనగా కాగితము, అచ్చు, చందాదారులు, బాకీలు, సర్కారు కన్ను – ఇన్నింటితోడి పోరాటము. వారిని మనము దేశభక్తులుగా, రచయితలుగా స్మరింతుము. అది యుక్తమే. కాని వారు ఒక కొఱతను చూచి, దానిని తీర్చుటకు ఒక సంస్థను కట్టి, దాని జమాఖర్చులు మోసిన విద్యావంతులని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. ఊరూర వెలసిన గ్రంథాలయములు సైతము అట్టి సాహసములే. మనము కూర్చున్న ఈ కప్పు కూడ ఒకనాడు ఎవరో కొందఱి సాహసమే.

స్వంత పరిశ్రమ యనగా పెద్ద పొగగొట్టమును, ఇనుప గేటును ఊహించుకొనుట మన అలవాటు. నేడు 'స్టార్టప్' అను మాట వినగానే అద్దాల మేడలను, కంప్యూటర్లను ఊహించుకొందురు. దాని సారము అంతకంటె సులభమైనది. ఒకరి కష్టమును కంటితో చూడవలెను. దానికి ఉపాయము కనుగొనవలెను. ఆ ఉపాయమునకు డబ్బిచ్చువారు ఉన్నారో లేదో తెలిసికొనవలెను. వచ్చిన డబ్బు అయిన ఖర్చుకంటె ఎక్కువగునట్లు నడపవలెను. ఈ నాలుగింటిలో ఏది లోపించినను పని నిలువదు. మొదటి రెండు మాత్రమే ఉన్నచో అది మంచి ఆలోచన. నాలుగును కలిసిననాడే అది పరిశ్రమ.

దీనికి పరదేశములనుండి దృష్టాంతము తేనక్కఱలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆలేరు మండలమున శారాజీపేట అను గ్రామము కలదు. చింతకింది మల్లేశముగారు ఆ గ్రామపు చేనేత కుటుంబమున జన్మించిరి. ఆయన బడి చదువు చిన్నతనముననే ఆగిపోయినది. ఆయన తల్లి లక్ష్మిగారు అనేక చేనేత కుటుంబముల స్త్రీలవలెనే ఆసు పోయుచుండిరి.

ఈ సభలో నేతపని తెలియనివారు ఉందురు గనుక ఆసు అననేమో చెప్పెదను. పోచంపల్లి చీరమీది రూపములు మగ్గముమీద పుట్టవు. మగ్గమునకు ముందే పుట్టును. నూలునకు లెక్క ప్రకారము ముడులు కట్టి, రంగులలో ముంచి, ఆ నూలుతో నేసినప్పుడు రూపములు తేలును. ముడులు కట్టుటకు ముందు నూలును ఒక చట్రముమీద అమర్చవలెను. చట్రమునకు ఒక వైపున ఒక మేకు, ఎదుట వంపుగా అనేకమైన మేకులు. దారమును ఈ మేకునుండి ఆ మేకునకు, మరల ఇటు, వరుస తప్పక చేతితో తిప్పుచు పోవలెను. ఒక చీరకు సుమారు 9,000 సారులు చేయి అటునిటు ఆడవలెను. అందుకు నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలు పోసినచో చేయి 18,000 సారులు తిరుగును. ఆ తల్లుల భుజములు ఏమి కావలెను? కన్ను లేమి కావలెను?

తల్లి భుజపు నొప్పి అందఱికిని తెలిసినదే. అది నేతవారింటి తలవ్రాత యని అందఱును ఊరకుండిరి. మల్లేశముగారు 1992 ప్రాంతమున దానిని తలవ్రాతగా గాక యంత్రముతో తీర్చదగిన సమస్యగా చూచిరి. అప్పు చేసి భాగములు కొనిరి. ఒక భాగము కుదిరిన మఱియొకటి కుదరలేదు. చూచినవారు పిచ్చి యనిరి. పని ఆగి, అప్పు మిగిలి, ఆయన హైదరాబాదునకు పోయి కూలికి పనిచేసిరి. కూలి డబ్బులో మిగిల్చిన దానితో మరల భాగములు చేసికొనిరి. తుదకు 1999లో ఆసు యంత్రము పూర్తియైనది. తల్లి పేరున దానికి లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. ఆ యంత్రములు వందలకొలది చేనేత ఇండ్లకు చేరినవి. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2019లో ఆయన జీవితమును చలనచిత్రముగా కూడ తీసిరి.

ఈ కథ చెప్పినప్పుడెల్ల సభలలో చప్పట్లు మ్రోగును. నేడును మ్రోగినవి. కాని చప్పట్లు కొట్టిన తరువాత మనము వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ యేడేండ్లలో ఆయనకు తోడు నిలిచిన కళాశాల ఏది? గరజు లెక్క, గిలక లెక్క చెప్పగల విద్యార్థులు ఆ చుట్టుప్రక్కల ఎందఱో చదువుచుండిరి. వారి పుస్తకములలో చక్రములున్నవి, బలములున్నవి, వేగములున్నవి. ఆ పుస్తకము ఆ ఆసు చట్రము దగ్గఱకు రాలేదు. చదువు ఒక దారిని, కష్టము ఒక దారిని పోయినవి. మల్లేశముగారు ఆ రెండును లేకుండ, కేవలము పట్టుదలతో గెలిచిరి. ఆయనవంటి పట్టుదల వేయిమందిలో ఒకరికి ఉండును. మిగిలినవారు మొదటి అప్పుతోనో, మొదటి ఎగతాళితోనో విడిచిపెట్టుదురు. వారి పేర్లు మనకు తెలియవు. ఒక సమాజము తన యువకులను ప్రోత్సహించుట యనగా అసాధారణుడైన ఒక్కనికి పూలదండ వేయుట కాదు. సాధారణులైన పదిమంది మధ్యలో మానకుండునట్లు చూచుట.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. చాల యేండ్ల క్రిందట నా తరగతిలో పాలమూరు గుట్టల ప్రాంతపు విద్యార్థి యొకడు ఉండెను. తండ్రికి మూడెకరముల మెట్ట. ఒకనాడు ఆ బాలుడు ఒక నోటుపుస్తకము పట్టుకొని నా గదికి వచ్చెను. సీతాఫలముల ఆలోచన చెప్పెను. మన పాలమూరు సీతాఫలమునకు గల పేరు మీకు తెలియును. బాలానగరము పేరు మీదుగా ఒక రకమే ప్రసిద్ధి కెక్కినది. ఆశ్వయుజ, కార్తిక మాసములలో బాటల ప్రక్కన గంపలకు గంపలు నిలుచును. కోసిన కాయ రెండు మూడు దినములలో మెత్తబడును. కనుక సాయంకాలమునకు ఏ ధర వచ్చిన ఆ ధరకు ఇచ్చి పోవలసినదే. బేరగాడు ఆ సంగతి ఎఱిగియే ఆలస్యముగా వచ్చును. "సార్, పండు ఆగదు గాని గుజ్జును గడ్డకట్టించి పెడితే ఏడాది ఆగుతుంది. ఐస్‌క్రీమువాళ్లు కొంటారట" అని ఆ బాలుడనెను.

నేను ఆ నోటుపుస్తకమును పూర్తిగా తిరుగవేయనైన లేదు. "ముందు ఉద్యోగము సంపాదించు నాయనా, ఈ ముచ్చట్లు తరువాత" అంటిని. మంచియే చెప్పితిననుకొంటిని. అతడు నా మాట విని పరీక్షలకు కూర్చుండెను. ఒకటి తప్పెను, ఒకటి వాయిదా పడెను, ఒకటి న్యాయస్థానమున నిలిచెను. ఆరేండ్లు గడచినవి. ఇప్పుడు నగరములో ఒకరి గిడ్డంగిలో సరుకుల లెక్క వ్రాయుచున్నాడు. ఆ నడుమ పాలమూరు ప్రాంతముననే మహిళా సంఘములవారు సీతాఫలపు గుజ్జు తీసి అమ్మి చూపించిరి. ఒకనాడు బస్సు నిలయములో అతడు నాకు కనబడి కాళ్లకు నమస్కరించెను. ఒక్క నిష్ఠూరమైన మాట ఆడలేదు. "ఆ నోట్‌బుక్కు ఇంకా ఇంట్ల ఉన్నది సార్" అని మాత్రము అనెను. అతడు తిట్టియున్న నాకు ఇంత బాధ యుండెడిది కాదు.

అట్లని "నీవు ధైర్యముగా దిగుము" అని వెన్ను తట్టి పంపియున్న అది మఱియొక తప్పు అయ్యెడిది. మూడెకరములు తాకట్టు పెట్టి యంత్రములు కొని, నష్టపోయి యుండవచ్చును. నేను చేయవలసినది ఈ రెండును కాదు. "పది కిలోల పండ్లతో ఒక దినము చేసి చూపుము, లెక్క వ్రాసి తెమ్ము" అని చెప్పవలసియుండెను.

ఆ లెక్క ఎట్లుండునో ఉదాహరణముగా చూతము. ఇవి సులభముగా బోధపడుటకు వేసిన అంకెలు మాత్రమే. బజారు ధరలు కావు. పది కిలోల పండ్లు 300 రూపాయలు. ఇద్దఱు ఒక పూట కూర్చుండి గింజలు తీసిన కూలి 400. మంచునకు, రవాణాకు 100. మొత్తము ఖర్చు 800. వచ్చిన గుజ్జు మూడు కిలోలు. కొనువాడు కిలోకు 200 ఇచ్చినచో రాబడి 600. నష్టము 200. ఇచ్చటనే చాలమంది పుస్తకము మూసివేయుదురు. మూయకుడు. అదే ఇద్దఱు అదే పూటలో ఇరువది కిలోలు వలువగలిగినచో పండ్లకు 600, కూలి 400, రవాణాకు 100, మొత్తము 1,100. గుజ్జు ఆఱు కిలోలు, రాబడి 1,200. మిగులు 100. నష్టము ఎచ్చట ఉన్నదో తెలిసినది: పండులో లేదు, చేతి వేగములో ఉన్నది. కాని గుజ్జును గడ్డకట్టించి నిలువచేయు ఖర్చును ఇందు చేర్చలేదు. దానిని చేర్చినచో ఆ నూఱును పోవచ్చును. కావున తరువాతి ప్రశ్న శీతల యంత్రపు కరెంటు బిల్లు. ఆహారపదార్థము గనుక శుభ్రత, ప్రభుత్వమున నమోదు, ఇవియును చూడవలెను. ఈ విధముగా ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిన్న పరీక్ష. మొదటి దినపు 200 రూపాయల నష్టము ఆ పాఠమునకు చెల్లించిన రుసుము. రెండు లక్షలు పోగొట్టుకొని నేర్చుకొనుటకంటె రెండువందలు పోగొట్టుకొని నేర్చుకొనుట మేలు కదా! ఈ విద్యను వాణిజ్యము బోధించు నేనే నేర్పలేకపోతిని.

చదువుకొన్నవాడు పల్లెవారి ప్రక్కన నిలిచినప్పుడు ఏమి జరుగునో గుజరాతు చూపినది. 1946లో అచ్చటి ఖేడా జిల్లా పాడి రైతులు త్రిభువన్‌దాస్ పటేలుగారి నాయకత్వమున సహకార సంఘము పెట్టుకొనిరి. 1949లో వర్గీసు కురియను అను యువ ఇంజనీరు ఆనందు అను ఊరికి ఉద్యోగరీత్యా వచ్చి, ఆ రైతులతో నిలిచిపోయెను. గేదె పాలతో పాలపొడి చేయుట కుదరదని నిపుణు లనుచుండిరి. ఆయన సహచరుడు దలాయా చేసి చూపెను. 1955లో ఆ కర్మాగారము వెలసినది. అదియే మన మందఱము ఎఱిగిన అమూల్. ఇందులో రైతులది పాలు, ఇంజనీరులది విద్య, సంఘమునది పెట్టుబడి. పరిశ్రమ యనగా ఒక్కడే యజమానిగా ఉండవలెనను నియమము లేదని కూడ దీనివలన తెలియుచున్నది.

మన సీమనుండియే మఱియొక దృష్టాంతము. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడు ఎన్ని యెముకలను వంచినదో మీకు చెప్పనక్కఱలేదు. 1970 దశకమున నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు పటికను, సున్నమును తగు పాళ్లలో నీటిలో కలిపి, తేర్చి, ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. ఆఫ్రికా దేశములలో సైతము ఆ పేరుతో దానిని వాడిరి. కష్టము మనది, పేరు మనది. ఉపాయము మాత్రము నాగపురమునుండి వచ్చినది. వారికి మనము కృతజ్ఞులము. అయినను తరువాతి ఉపాయము మన కళాశాలనుండి రావలెనని కోరుట తప్పు కాదు.

అట్లే పాలమూరు కూలి చేతులు దేశమున ఎన్ని ఆనకట్టలు కట్టలేదు, ఎన్ని కాలువలు త్రవ్వలేదు! చేతులు మనవి, లెక్కల పుస్తకము ఇతరులది. చదువుకొన్న బిడ్డ ఇంటికి తేవలసినది ఆ లెక్కల పుస్తకము.

ఇప్పుడు దారులు పూర్వముకంటె ఎక్కువగా తెఱచియున్నవి. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబునగరమందు పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడినవి. 2015లో హైదరాబాదున టి-హబ్, 2017లో రాష్ట్ర ఇన్నొవేషన్ సెల్, 2018లో స్త్రీల కొఱకు వి-హబ్ స్థాపించిరి. 2019లో ఆరంభమైన 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమము పల్లెలలోని ఉపాయశాలురను జిల్లా వేదిక మీదికి తెచ్చినది. అదే సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము విద్యార్థుల నవకల్పనలకై ఒక జాతీయ విధానమును ప్రకటించినది. స్వంత ప్రయత్నము చేయు విద్యార్థి కొంతకాలము చదువు ఆపి, మరల వచ్చి చేరుటకు విద్యాసంస్థలు అవకాశ మీయవచ్చునని అందు చెప్పిరి. మీ కళాశాల దానిని అంగీకరించినదో లేదో విద్యార్థులు ధైర్యముగా అడుగవచ్చును.

పెట్టుబడి విషయమున, 2008లో ఆరంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము కలదు. 2022లో దాని పరిమితిని వస్తువుల తయారీకి 50 లక్షలకును, సేవలకు 20 లక్షలకును పెంచిరి. గ్రామములలో పెట్టువారికి సాధారణముగా నూటికి 25 వంతులు, స్త్రీలకును వెనుకబడిన వర్గములవారికిని 35 వంతులు సబ్సిడీగా నిర్ణయించిరి. 2015లో వచ్చిన ముద్రా పథకమున శిశు అను తరగతి క్రింద 50,000 వఱకు హామీ లేకుండ అప్పు ఏర్పాటు చేసిరి. నిబంధనలు మారుచుండును గనుక దరఖాస్తునకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రములో విచారించుకొనవలెను.

ఇది విని కొందఱి కన్నులు మెఱయుచున్నవి. కావుననే రెండు హెచ్చరికలు. సబ్సిడీ లాభము కాదు. సబ్సిడీ కొఱకు పెట్టిన పరిశ్రమ సబ్సిడీతోనే ముగియును. రెండవది: అప్పుతో పరీక్ష చేయకుడు, పరీక్ష తేలిన తరువాత అప్పు చేయుడు. ఆసు యంత్రపు కథలో అప్పు ముందు, విజయము వెనుక వచ్చినవి. అది ఆయన అదృష్టమును, కష్టమును. దానిని సూత్రముగా తీసికొనరాదు.

తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. బిడ్డ ఈ ఆలోచన చెప్పగానే "గింత సదివించింది గిందుకేనా?" అని మీలో కొందఱు అందురు. ఆ మాట వెనుక నున్న భయము నే నెఱుగుదును. అమ్ముకొన్న మేకలు, కుదువ పెట్టిన పుస్తెలు ఆ మాటలో ఉన్నవి. కావున "బిడ్డ ఏమి చేసినను సరే" అనుమని నేను చెప్పను. ఒక హద్దు పెట్టుడు. పరీక్షలకు నాలుగేండ్లు ఇచ్చుచున్నారు కదా. దీనికి ఒక సంవత్సర మిండు. శిక్షణ రుసుములకు, పట్టణమున అద్దె గదికి ఇచ్చు డబ్బులో సగము దీనికి ఇండు. భూమి ముట్టవద్దని చెప్పుడు. నెలనెల లెక్క చూపుమనుడు. సంవత్సరము చివర లెక్క కుదరనిచో మానుమనుడు. కాని మానిననాడు వానిని ఎగతాళి చేయకుడు, ఇరుగుపొరుగువారిని చేయనీయకుడు. పరీక్ష తప్పినవానిని "మళ్ల రాయి బిడ్డా" అందుము. దుకాణము మూసినవానిని "మునిగిండు" అందుము. ఈ భేదము పోవలెను. ఆడబిడ్డకును ఇదే సంవత్సరము, ఇదే డబ్బు, ఇదే హద్దు. ఆసు చట్రము దగ్గఱ కూర్చుండినవారు స్త్రీలే. ఇంటి కష్టములన్నియు ముందు తెలియునది వారికే.

అధ్యాపక మిత్రులకు నా తప్పునుండి పుట్టిన విన్నపము. నోటుపుస్తకము తెచ్చిన విద్యార్థిని "వద్దు" అని గాని "శభాష్" అని గాని పంపివేయకుడు. "ఎంత? ఎవరు కొందురు? చేసి చూచితివా?" అని మూడు ప్రశ్నలు అడుగుడు.

ఇక ఈ గ్రంథాలయము చేయగల పని. రజతోత్సవ కానుకగా రెండువందల పుటల లెక్కల పుస్తకము ఒకటి తెచ్చినాను. ఇది తెల్లగా ఉన్నది. దీనికి 'ఇబ్బందుల పుస్తకము' అని పేరు పెట్టుడు. పఠనమందిరపు బల్లమీద ఉంచుడు. ఈ యూరిలో ఎవరికి ఏ పనిలో కష్టము కలిగినను ఇందు వ్రాయవలెను. వ్రాయరానివారు చెప్పగా గ్రంథపాలకుడు వ్రాయవలెను. బత్తాయి తోటలో కాయ కోసిన తరువాత తరుగు ఎంత పోవుచున్నది, మగ్గముమీద ఏ పనికి నడుము పట్టుచున్నది, కరెంటు వచ్చిపోవుటలో మోటారు ఎన్ని సారులు కాలినది – ఏదైనను సరే. నెలకు ఒక ఆదివారము కళాశాల విద్యార్థులు కూడి దానిని చదువవలెను. చేయదగినదని తోచినదానికి ఎదుటి పుటలో తమ పేరు, తేదీ, చేసిన పరీక్ష, అయిన ఖర్చు, వచ్చిన ఫలితము వ్రాయవలెను. ఫలించనిదియు వ్రాయవలెను, తరువాతివాడు అదే గోతిలో పడకుండుటకు అది దీపము. పోటీ పరీక్షల పుస్తకములు తీసివేయుమని నేను చెప్పుట లేదు. వాటి ప్రక్కన ఈ పుస్తకమునకు చోటిండని కోరుచున్నాను.

విద్యార్థులారా, మీకు చివరి మాట. నిన్న నాతో మాటలాడిన అబ్బాయి ఈ సభలో ఉన్నాడు. సభకు ముందు మరల కలిసి, "మీ ఇంటిలో ఏ పని చూచిన నీకు బాధ కలుగును?" అని అడిగితిని. చాలసేపు ఊరకుండెను. తరువాత, "మా అమ్మ నిమ్మకాయలు ఏరేటప్పుడు సార్. చిన్నవి, పెద్దవి వేరుచేసుడు. రాత్రి పది దాకా వంగి కూసుంటది" అనెను. ఆ యేరుటకు ఎంత సేపు పట్టునో, గంపకు ఎంత కూలి పడునో, ఏ సందులోనుండి చిన్నకాయ జాఱి పెద్దకాయ ఆగునో అతడు ఇంకను కొలిచి చూడలేదు. పరీక్షకు చదువుకొనుము నాయనా, నేను మానుమనను. కాని ఈ వారమున ఒక రాత్రి గడియారము, కొలబద్ద పట్టుకొని మీ అమ్మ ప్రక్కన కూర్చుండుము. ఇబ్బందుల పుస్తకమున మొదటి పుట నీకొఱకు విడిచియుంచితిని.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ పుస్తకము నిండియుండవలెనని, అందు కొట్టివేసిన పంక్తులు ఎన్ని యున్నను నిలిచిన పంక్తులు కొన్నియైన ఉండవలెనని కోరుచున్నాను.